రెండేళ్ళ పందెపు గుర్రానికి ముంగాళ్ళ నొప్పి: ఎన్నాళ్ళు ఆపాలి, ఎక్కడ ఆపాలి?

ధర్మాబాద్ మిరప
డిసెంబరు 4, రాత్రి 9:10

అందరికీ నమస్కారం. నేను ధర్మాబాద్ మార్కెట్లో మిరప వ్యాపారం చేసుకునేవాణ్ణి. చిన్నప్పుడు మా నాన్న నాందేడులో దసరా నాడు హజూర్ సాహిబ్ గుర్రాల ఊరేగింపు చూపించారు. ఆనాడు పట్టిన మోజు వల్ల, గత సంవత్సరం మరో ముగ్గురు మిత్రులతో కలిసి ఒక థరోబ్రెడ్ (పందెపు జాతి) ఫిల్లీలో, అంటే ఆడ గుర్రపు పిల్లలో, వాటా తీసుకున్నాను. అది హైదరాబాదులో, మలక్‌పేటలో శిక్షణలో ఉంది. ఏప్రిల్‌లో పుట్టింది కాబట్టి నిజమైన వయసు రెండేళ్ళ ఎనిమిది నెలలు. పందెపు గుర్రాలకు మన దేశంలో జనవరి 1నే వయసు పెరుగుతుంది కనుక, ఇంకొక నెలలో కాగితాల మీద దానికి మూడేళ్ళు నిండుతాయి. ఇంతవరకు ఒక్క పందెంలోనూ పరుగెత్తలేదు.

గత వారం వేగంగా పరుగెత్తించిన మరునాడు దాని రెండు ముంగాళ్ళలోనూ మోకాలి కింది పొడవాటి ఎముక ముందు వైపున వేడి, నొప్పి కనిపించాయని ట్రైనర్ గారు ఫోన్ చేశారు. దీనిని వారు షిన్ సోర్ అంటున్నారు. ఒక భాగస్వామి నొప్పి మందు ఇచ్చి ఈ సీజన్‌లోనే ఒక పందెం ఆడించాలంటున్నాడు. ఇంకొకరు దానిని ఇక్కడికి తెచ్చి మా చేలో మూడు నెలలు కదలకుండా ఉంచుదామంటున్నారు. నాకు రెండూ సరిగా తోచడం లేదు గానీ, ఎందుకు సరికాదో చెప్పే తెలివి లేదు. తెలిసినవారు చెప్పగలరు.

దెగ్లూర్ సాయిస్
డిసెంబరు 4, రాత్రి 10:40

నేను హైదరాబాదు లాయాల్లో 26 ఏళ్ళు సాయిస్‌గా, అంటే గుర్రాలను చూసుకునేవాడిగా, పనిచేసి, ఇప్పుడు దెగ్లూరులో కొడుకు దగ్గర ఉంటున్నాను. ఈ జబ్బు నేను చూసినన్ని సార్లు మీరు మిరప బస్తాలు కూడా తూచి ఉండరు. భయపడవలసినది కాదు, తేలికగా వదిలేయవలసినదీ కాదు.

రెండు కాళ్ళూ ఒకేసారి నొప్పెడతాయి కాబట్టి గుర్రం కుంటదు. అందరూ మోసపోయేది ఇక్కడే. ఒక కాలు నొప్పెడితే తల ఎగరవేసి మనకు చెబుతుంది, రెండూ నొప్పెడితే మాత్రం అడుగులు పొట్టిగా వేస్తూ, గట్టి నేల మీద ముళ్ళు ఉన్నట్టు నడుస్తుంది. యజమాని దూరం నుంచి చూసి బాగానే ఉందంటాడు. తెల్లవారుజామున పనికి తీయకముందు అరచేతితో కాక చేతి వెనక భాగంతో రెండు కాళ్ళనూ పైనుంచి కిందికి నిమిరి, ఒకదానితో ఒకటి పోల్చి చూడాలి. ఆ తరువాత బొటనవేలితో ఎముక ముందు భాగాన్ని మెల్లగా నొక్కితే, నొప్పి ఉన్న పిల్ల కాలు లాక్కుంటుంది. రాత్రి వేసిన దాణా తొట్టిలో మిగిలిందా అన్నది కూడా చూడాలి. నా అనుభవంలో కాలి కంటే తొట్టి ముందు చెప్పిన సందర్భాలే ఎక్కువ.

మీ ట్రైనర్ దాచకుండా ఫోన్ చేసి చెప్పాడంటే మంచివాడే. ఫిల్మ్ (ఎక్స్‌రే) తీయించారా, లేదా అన్నది ముందు అడగండి.

బిలోలి పటేల్
డిసెంబరు 5, ఉదయం 7:25

మా ఇంట్లో నాలుగు తరాలుగా గుర్రాలున్నాయి. మాళేగావ్ ఖండోబా జాతరలో కొనడం, అక్కడే అమ్మడం మాకు అలవాటు. మా తాతగారు పిల్ల నాలుగు పళ్ళు వేసేదాకా వీపు మీద జీను పడనిచ్చేవారు కాదు. ఇప్పుడు ఏడాదిన్నరకే కళ్ళెం వేసి, రెండేళ్ళకే మనిషిని ఎక్కించి పరుగెత్తిస్తున్నారు. పాలపళ్ళు రాలని బిడ్డ చేత బస్తాలు మోయించి, తరువాత నడుము నొప్పికి కారణం వెతికినట్టుంది ఈ వ్యవహారం. మూడు నెలలు కాదు, ఏడాది పాటు ఇంటికి తెచ్చి వదిలేయండి. చేలో తిరిగి, తవుడూ ఉలవ గుగ్గిళ్ళూ తిని, ఎముక ముదిరిన తరువాత పంపండి.

ఉద్గీర్ పశువైద్యుడు
డిసెంబరు 5, మధ్యాహ్నం 2:15

పటేల్ గారి మాటలో సగం నిజం ఉంది. ఆ సగాన్ని ముందు ఒప్పుకుంటాను.

గుర్రానికి నడిమి పాలపళ్ళు రెండున్నర ఏళ్ళకు, వాటి పక్కవి మూడున్నరకు, అంచు పళ్ళు నాలుగున్నరకు రాలి కొత్తవి వస్తాయి. అంటే నాలుగు పళ్ళ గుర్రమంటే మూడున్నర ఏళ్ళది. ఎముకల చివర పెరుగుదల జరిగే మెత్తని పొరలు అన్నీ ఒకే వయసులో మూసుకుపోవు. ఇప్పుడు నొప్పెడుతున్న ఎముక కింది కొసలో పెరుగుదల మొదటి ఏడాదిలోనే ముగుస్తుంది. మోకాలికి కొంచెం పైన ముంజేతి ఎముక కొసలో సుమారు రెండు, రెండున్నర ఏళ్ళు పడుతుంది. వెన్నుపూసలలో ఇంకా చాలా ఆలస్యం. అందుకే లాయాల్లో మోకాలి ఫిల్మ్ చూసి పిల్ల సిద్ధమైందో లేదో అంచనా వేస్తారు.

అయితే షిన్ సోర్ అన్నది పెరుగుదల ముగియని ఎముకకు వచ్చే జబ్బు కాదు, వేగానికి అలవాటుపడని ఎముకకు వచ్చే జబ్బు. ఈ రెంటికీ తేడా పెద్దది. గ్యాలప్‌లో, అంటే పూర్తి వేగపు పరుగులో, ఒక్క కాలి మీద శరీర బరువుకు రెండున్నర రెట్ల దాకా భారం పడుతుంది. 450 కిలోల పిల్లకు అది వెయ్యి కిలోలు దాటుతుంది. ఎముక తన మీద పడే భారాన్ని బట్టి తన ఆకారాన్నీ మందాన్నీ మార్చుకుంటుంది. నిదానమైన క్యాంటర్‌లో (మధ్యరకం పరుగులో) భారం పడే తీరు వేరు, పూర్తి వేగంలో పడే తీరు వేరు. కాబట్టి నెలల తరబడి మైళ్ళ కొద్దీ క్యాంటర్ మాత్రమే చేయించి, ఒక రోజు హఠాత్తుగా వేగం అడిగితే, ఎముక తాను ఎన్నడూ నేర్వని పరీక్షకు కూర్చున్నట్టు అవుతుంది. ముందు భాగం వంగి, పైపొర రేగి, తొందరపాటుగా కొత్త ఎముక పేరుకుంటుంది. మనం చేతితో తాకే వాపు అదే. పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయంలో డేవిడ్ నునామేకర్ అనే శాస్త్రవేత్త ఏళ్ళ తరబడి ఈ విషయాన్నే పరిశోధించి, దూరం తగ్గించి, కొద్దిపాటి వేగాన్ని వారానికి రెండు సార్లు మొదటి నుంచీ కలుపుతూ పోతే ఈ జబ్బు రావడం తగ్గుతుందని చూపారు. అమెరికాలో శిక్షణలో ఉన్న రెండేళ్ళ పిల్లలలో సుమారు 70 శాతానికి ఇది వస్తుందని చెబుతారు కాబట్టి, మీ ఫిల్లీ ఏదో లోపంతో పుట్టిందని బాధపడకండి.

పటేల్ గారితో నేను విభేదించేది ఇక్కడ. రెండేళ్ళప్పుడు కొలత ప్రకారం పని చేసిన గుర్రాలు, ఆ వయసులో ఏ పనీ లేకుండా పెరిగిన వాటికంటే ఎక్కువ కాలం పరుగెత్తగలవని పలు దేశాల లెక్కలు చెబుతున్నాయి. లేత వయసులో ఎముక నేర్చుకునే వేగం తరువాత ఉండదు. ఏడాది పాటు వదిలేస్తే ఎముక ముదరడం నిజమే గానీ, ముదిరిన ఎముకా వేగం నేర్చిన ఎముకా ఒకటి కావు.

అన్నిటికంటే ముందు ఎక్స్‌రే కావాలి. షిన్ సోర్ వచ్చిన పిల్లలలో కొన్నింటికి, తరచు కొన్ని నెలల తరువాత, అదే ఎముక పైపొరలో చిన్న పగులు ఏర్పడుతుంది. అది ఉంటే లెక్క పూర్తిగా వేరు. మొదటి ఫిల్మ్‌లో పగులు కనబడకపోవచ్చు. రెండు వారాలు ఆగి మళ్ళీ తీయించాలి.

కిన్వట్ లెక్కలు
డిసెంబరు 5, రాత్రి 8:50

నాకు గుర్రాల గురించి తెలియదు గానీ, భాగస్వామ్యాల గురించి తెలుసు. గుర్రం గుడ్డిదైనా దాణాలో తక్కువ లేదన్నారు మన పెద్దలు. ఆగిన ప్రతి నెలా నలుగురి జేబులోంచీ ఖర్చు పోతూనే ఉంటుంది. నొప్పి మందు ఇచ్చి ఒక్క పందెం ఆడిస్తే వచ్చే నష్టమేమిటో డాక్టరు గారు స్పష్టంగా చెబితే, ధర్మాబాద్ అన్నగారు తన భాగస్వామికి సమాధానం చెప్పుకోగలుగుతారు.

దెగ్లూర్ సాయిస్
డిసెంబరు 6, ఉదయం 5:30

డాక్టరు గారు చెప్పేలోగా నేను చెబుతాను. నొప్పి గుర్రానికి కాపలాదారు. కాపలావాడికి మత్తు పోసి పడుకోబెడితే ఇల్లు భద్రంగా ఉన్నట్టే కనిపిస్తుంది. మందు వేసిన పిల్ల పగులు మీద కూడా హాయిగా పరుగెత్తుతుంది. ఆ పరుగులో ఎముక రెండు ముక్కలైతే కింద పడేది గుర్రం ఒక్కటే కాదు, మీదున్న కుర్రవాడూ పడతాడు. వాడికీ ఇల్లూ పిల్లలూ ఉంటారన్నది వాటాల లెక్కలో ఎక్కడా రాయరు.

ఇంకొక ముఖ్యమైన మాట. పని ఆపిన రోజునే దాణా తగ్గించాలి. నిండు గింజల దాణా తింటూ లాయంలో నిలబడి ఉన్న గుర్రాన్ని మళ్ళీ పనికి తీసినప్పుడు తుంటి కండరాలు రాయిలా బిగిసి, మూత్రం కాఫీ రంగులోకి మారుతుంది. ఆదివారం సెలవు తరువాత సోమవారం వస్తుంది కాబట్టి పాతవాళ్ళు దీనిని సోమవారం జబ్బు అనేవారు. గింజలు తగ్గించి గడ్డి పెంచమని మీ ట్రైనర్‌కు చెప్పండి. ఆయన అప్పటికే ఆ పని చేసి ఉంటే మీకు అతని మీద నమ్మకం పెరుగుతుంది.

ఉద్గీర్ పశువైద్యుడు
డిసెంబరు 6, ఉదయం 11:05

సాయిస్ కాకా చెప్పిన దానికి నేను చేర్చవలసినది కొద్దిగానే ఉంది. మన దేశంలో పందెం రోజున గుర్రం శరీరంలో మందుల ఆనవాళ్ళు ఉండకూడదన్నది నియమం, పరీక్షలూ జరుగుతాయి. ఫినైల్‌బ్యూటజోన్ వంటి మందులను ఎక్కువగా వాడితే కడుపులోనూ పెద్దపేగులోనూ పుండ్లు పడతాయి. చికిత్సలో భాగంగా వైద్యుడు రెండు మూడు రోజులు ఇవ్వడం వేరు, పని చేయించడం కోసం ఇవ్వడం వేరు.

ధర్మాబాద్ మిరప
డిసెంబరు 10, రాత్రి 9:40

నిన్న ఫిల్మ్ తీశారు. పగులు లేదు, ఎముక ముందు భాగంలో పైపొర కొంచెం మందంగా కనిపిస్తోందని చెప్పారు. దాణా మొదటి రోజే తగ్గించారట. కాకా మాట వినగానే అడిగాను, ట్రైనర్ గారు నవ్వి, ఎవరు నేర్పించారని అడిగారు.

నొప్పి మందు భాగస్వామి ఈ చర్చ మొత్తం చదివి వెనక్కి తగ్గాడు. ఇప్పుడు మిగిలింది ఇంటికి తేవాలా వద్దా అన్నది. చెరువు పక్కన మాకు నాలుగెకరాలుంది, అందులో ఈ నెలాఖరుకు కంది కోత అయిపోతుంది. పచ్చగడ్డి కోసం సూపర్ నేపియర్ కూడా వేశాము.

బిలోలి పటేల్
డిసెంబరు 11, ఉదయం 6:50

డాక్టరు గారి వాదన చదివాను. పూర్తిగా ఒప్పుకోలేదు గానీ దాని మీద మళ్ళీ వాదించను. కంది చేను అన్న మాట చూసి మాత్రం రాయకుండా ఉండలేకపోయాను. కంది కోసిన చేలో గుర్రాన్ని ఎట్టి పరిస్థితిలోనూ వదలవద్దు. ఏటవాలుగా కోసిన ఆ మొడ్లు మేకుల కంటే చెడ్డవి. మూడేళ్ళ క్రితం మా గుర్రానికి గిట్ట అడుగున కంది మొడు దిగి, చీము పట్టి, రెండు నెలలు మంచం పట్టినంత పని అయింది. పత్తి కట్టె పీకిన చేనూ అంతే. ఇక మన నల్లరేగడి సంగతి మీకు తెలిసిందే. మాఘం దాటితే నెర్రెలు విచ్చుకుంటాయి, మనిషి పాదం పట్టేంత నెర్రెలో పరుగెత్తే గుర్రం కాలు పడితే ఇంకేమీ మిగలదు. తేవాలనుకుంటే ముందు అర ఎకరం దున్ని, మొడ్లు ఏరించి, ఎర్రమట్టి తోలించి, కంచె కట్టి ఆ తరువాత తెండి.

ఉద్గీర్ పశువైద్యుడు
డిసెంబరు 11, మధ్యాహ్నం 1:30

పటేల్ గారు చెప్పిన ఈ సంగతి ఏ పుస్తకంలోనూ దొరకదు. దానికి నేను మేత సంగతి చేరుస్తాను, ఎందుకంటే వారు మొదటి రోజున తవుడు అన్నారు, మీరు ఇప్పుడు నేపియర్ అంటున్నారు.

బియ్యపు తవుడులో భాస్వరం సుమారు 1.5 శాతం ఉంటే కాల్షియం 0.1 శాతం మాత్రమే ఉంటుంది. గుర్రపు పిల్ల మేతలో మొత్తం మీద కాల్షియం భాస్వరం కంటే ఎక్కువ ఉండాలి, ఒకటిన్నర రెట్లు ఉంటే మంచిది. భాస్వరం ఎక్కువైతే శరీరం రక్తంలోని కాల్షియం లోటు తీర్చడానికి ఎముకల నుంచే తోడుకుంటుంది. ఇది ముదిరితే దవడలు, ముఖపు ఎముకలు ఉబ్బి తల పెద్దదవుతుంది. నేపియర్ గడ్డిలో ఆక్సలేట్ ఎక్కువ, అది పేగులో కాల్షియాన్ని పట్టుకుని ఒంటికి అందకుండా చేస్తుంది. గేదెలు కడుపులోని సూక్ష్మజీవుల సాయంతో దీనిని చాలావరకు తట్టుకుంటాయి. గుర్రానికి ఆ సౌకర్యం లేదు. కాబట్టి ఎముక నొప్పితో వచ్చిన పిల్లకు ప్రేమగా తవుడూ నేపియరూ పెట్టడమంటే, గోడ కడుతూ పునాది ఇటుకలు పీకడమే. ఎండుగడ్డి, కొంత లూసర్న్ మేత, కొలిచి వేసిన గింజలు చాలు.

ప్రయాణం కూడా ఆలోచించండి. లారీలో తల పైకి కట్టేసి గంటల తరబడి తెస్తే, తల దించి ముక్కులోని శ్లేష్మాన్ని వదిలించుకునే వీలు లేక ఊపిరితిత్తులకు చీము జ్వరం వచ్చే ప్రమాదం ఉంది.

నాందేడ్ సవారీ
డిసెంబరు 13, రాత్రి 10:15

ఇంతవరకు చదివి, నా అనుభవం వేరుగా ఉన్నందున రాస్తున్నాను. నా దగ్గర పందేల నుంచి విరమించిన ఒక గుర్రం ఉండేది. దానికి కాలి వెనక టెండన్ (కండరాన్ని ఎముకకు కలిపే నార) దెబ్బతింది. ఆరు వారాలకు కుంటు పూర్తిగా పోయింది, వేడి కూడా పోయింది. నాలుగో నెలలో నేను ఎక్కి పరుగెత్తించాను, పది రోజులకే అదే చోట మళ్ళీ తెగింది. అందుకే ఎవరు తక్కువ విశ్రాంతి చాలన్నా నాకు నమ్మకం కుదరదు. ఈ ఫిల్లీకి అంత త్వరగా పని మొదలుపెట్టమనడం అపాయం కాదా?

ఉద్గీర్ పశువైద్యుడు
డిసెంబరు 14, ఉదయం 9:20

మీ గుర్రానికి జరిగింది విన్నాక బాధ కలిగింది. మీ ప్రశ్న వల్ల ఈ చర్చలో అందరం కలిపి మాట్లాడుతున్న రెండు వేరు వేరు సంగతులు విడిపోయాయి, అందుకు కృతజ్ఞతలు.

టెండన్ మానే తీరు వేరు. తెగిన నారల స్థానంలో మొదట నాసిరకం నారలు అడ్డదిడ్డంగా పేరుకుంటాయి. అవి వరుసలో అమరి బలం పుంజుకోవడానికి 9 నుంచి 12 నెలలు, కొన్నిటికి ఇంకా ఎక్కువ పడుతుంది. ఆ తరువాత కూడా పాత సాగుడుగుణం పూర్తిగా తిరిగిరాదు. నొప్పి మాత్రం వారాల్లోనే పోతుంది. అంటే టెండన్ విషయంలో గుర్రం మనతో అబద్ధం చెబుతుంది, కాబట్టి అల్ట్రాసౌండ్ చూసి మాత్రమే నిర్ణయించాలి.

ఎముక అలా కాదు. మచ్చ మిగలకుండా కొత్త ఎముకగా మానగల గుణం దానికి ఉంది. అయితే దానికి ఒక చెడ్డ అలవాటు కూడా ఉంది. పాత, నలిగిన ఎముకను తొలిచివేయడం ముందు జరుగుతుంది, ఖాళీని నింపడం తరువాత, చాలా నిదానంగా జరుగుతుంది. పని ఆగిపోగానే తొలిచే పని జోరందుకుంటుంది. రెండు నెలలు కదలకుండా నిలబడి తిరిగి వచ్చిన గుర్రం చూపులకు నిగనిగలాడుతూ, ఉత్సాహంగా, కుంటు లేకుండా ఉంటుంది. లోపల ఎముక మాత్రం ఆ కాలంలోకెల్లా బలహీనంగా ఉంటుంది. కాలిఫోర్నియాలో జరిగిన పరిశోధనలో భుజం కింది ఎముక విరిగిన పందెపు గుర్రాలను పరిశీలిస్తే, రెండు నెలలు లేదా అంతకు మించిన విరామం నుంచి తిరిగి వచ్చిన తొలి రోజుల్లోనే ఆ ప్రమాదం ఎక్కువని తేలింది. మూడు నెలలు కట్టివేసి, నాలుగో నెలలో పందెం పేరు నమోదు చేయడమంత ప్రమాదం ఇంకొకటి లేదు.

కాబట్టి మిరప గారి ఫిల్లీ విషయంలో నా సలహా ఇది. నొప్పి, వేడి పోయేదాకా చల్లటి నీటి ధార, చేత్తో పట్టి నడిపించడం. రెండో ఫిల్మ్ బాగుంటే ట్రాట్ (దుడుకు నడక), నిదానమైన క్యాంటర్. ఆ తరువాత వారానికి రెండు సార్లు క్యాంటర్ చివర ఒక ఫర్లాంగు, అంటే సుమారు 200 మీటర్లు, పూర్తి వేగం కాకుండా దాదాపు 15 సెకన్లలో. నాలుగైదు వారాలు గడిచాక దూరం పెంచాలి. నిర్ణయం నాది కాదు, గుర్రాన్ని కళ్ళారా చూస్తున్న వైద్యుడిది.

కిన్వట్ లెక్కలు
డిసెంబరు 14, రాత్రి 7:45

అంటే ఇంటికి తెచ్చినా ఖర్చు తగ్గదు, పైగా ఎర్రమట్టి ఖర్చు అదనం. నాకు అర్థమైంది.

ధర్మాబాద్ మిరప
జనవరి 3, రాత్రి 9:15

ఫిల్లీని ఇంటికి తేలేదు. క్రిస్మస్‌కు రెండు రోజుల ముందు తీసిన రెండో ఫిల్మ్‌లో కూడా పగులు లేదు. రోజుకు రెండు పూటలా నడిపిస్తున్నారు. మొన్న స్వయంగా వెళ్ళి చూశాను. కాకా చెప్పినట్టు చేతి వెనక భాగంతో నిమిరితే రెండు కాళ్ళూ ఒకే చల్లదనంతో ఉన్నాయి, బొటనవేలితో నొక్కితే మాత్రం ఎడమ కాలు కొంచెం వెనక్కి తీసింది. నేను పిచ్చివాడిలా ఆ పని పదిసార్లు చేయడం చూసి, అక్కడి సాయిస్ కుర్రవాడు దానికి చిరాకు వచ్చి తన్నేలోగా ఆపండని మెల్లగా చెప్పాడు. వచ్చే వారం నుంచి ట్రాట్ మొదలుపెడతామన్నారు. నొక్కితే కాలు తీసిన సంగతి వారికి చెప్పాను, ఇంకో వారం వెనక్కి జరిపారు.

దెగ్లూర్ సాయిస్
జనవరి 4, ఉదయం 5:20

వెనక్కి జరపడం మంచి పని. లాడాలు మార్చే రోజున గిట్ట ముందు భాగం పొడవుగా పెరగనివ్వవద్దని గుర్తు చేయండి. మడమ కుంగి ముందు భాగం పొడవైతే కాలి వెనక టెండన్ల మీద భారం పెరుగుతుంది. ఒక జబ్బు తగ్గేలోగా ఇంకొకటి తెచ్చుకోకూడదు.

ధర్మాబాద్ మిరప
మార్చి 9, రాత్రి 10:00

ఫిబ్రవరిలో క్యాంటర్ బాగా చేసింది. గత మూడు వారాలుగా వారానికి రెండు సార్లు ఒక్కొక్క ఫర్లాంగు వేగం ఇస్తున్నారు. నిన్నటి పని తరువాత ఈ ఉదయం ఎడమ కాలిలో స్వల్పంగా వేడి ఉందని ఫోన్ వచ్చింది, నొక్కితే నొప్పి లేదట. ఈ సీజన్‌లో పందెం ఉండదని నలుగురం ముందే ఒప్పుకున్నాం కాబట్టి ఇంట్లో ఎవరూ గొడవ చేయలేదు. ఇప్పుడు పూర్తిగా ఆపమనాలా, లేక దూరం తగ్గించమనాలా?

ఉద్గీర్ పశువైద్యుడు
మార్చి 10, ఉదయం 8:10

పూర్తిగా ఆపవద్దు. ఈ వారం వేగం పని రెండూ మాని నడక, ట్రాట్ మాత్రమే ఉంచమనండి. మూడు ఉదయాలు వరుసగా రెండు కాళ్ళూ సమానంగా చల్లగా ఉంటే, అదే ఒక్క ఫర్లాంగుతో మళ్ళీ మొదలుపెట్టాలి, దూరం పెంచకూడదు. వేడి తగ్గకపోయినా, నొక్కితే కాలు తీసినా ఆ రోజే మూడో ఫిల్మ్ తీయించండి.

దెగ్లూర్ సాయిస్
మార్చి 10, ఉదయం 8:45

తొట్టిలో దాణా మిగిలిందా, లేదా?

ధర్మాబాద్ మిరప
మార్చి 10, ఉదయం 9:30

అడిగాను కాకా. నిన్న రాత్రిది రెండు గుప్పెళ్ళు మిగిలిందట. ఫిల్మ్ రేపే తీస్తున్నారు.